కుర్చీ దిగిన ఇసక్కిసెల్వి

"చేతులు చూపించమ్మా" అన్నారు హెడ్‌మాస్టర్ వెంకటసుబ్రమణియన్.

ఇసక్కిసెల్వి రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది.

"చూపించు."

చూపించింది. గదిలో ఉన్నవాళ్లం ఊపిరి బిగబట్టాం. వేళ్ల సందుల్లో ఎర్రటి వార్నిష్ మరకలు. గోళ్ల కింద నలుపు. చూపుడువేలి మీద రాగితీగ కోసిన గీత. ఇంక సందేహం లేదు. పదకొండో తరగతి చదువుతున్న ఆడపిల్ల, వర్క్ ఎక్స్‌పీరియన్స్‌కి వెళ్లి, అక్కడ పని చేసి వచ్చింది!

మీరు కంగారు పడటం లేదు. అంటే నేరం ఎంత తీవ్రమైందో మీకింకా తెలియలేదన్నమాట. వివరిస్తాను.

పిల్లలకు పని చూపిస్తామని తీసుకెళ్లి, ఒంటికి పని అంటకుండా వెనక్కి తీసుకురావడం. విద్యారంగంలో దీన్ని మించిన వరం ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. లోకంలో మిగతా చోట్ల పిల్లల్ని వర్క్‌షాపుల్లోకి తోలి, చేతులు మాపి, చొక్కాలు చింపి, చివరికి ఏదో ఒకటి నేర్పించి పంపుతున్నారట. అనాగరికం! తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టిలోని ఈ బడి మాత్రం రెండువేల మూడులోనే అసలు మార్గం కనిపెట్టింది.

ఆ మార్గం పేరు కుర్చీ.

ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్లలు రెండు వారాలపాటు ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న మిల్లులు, షాపులు, ఆఫీసులకు వెళ్లి, లోకంలో ఏయే వృత్తులున్నాయో చూసి రావాలి. మంచి ఆలోచనే. మొదటి ఏడాది కుర్చీలు లేకుండా పంపారు. కిరాణా కొట్టుకు వెళ్లిన కుర్రాడి చేతికి చీపురిచ్చారు. ప్రెస్సుకు వెళ్లినవాడు పొద్దుటినుంచి సాయంత్రందాకా టీలు మోశాడు. ప్రింటింగ్ గురించి వాడు నేర్చుకున్నదల్లా, ఎవరికి చక్కెర ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నదే. తల్లిదండ్రులు బడి మీదికి దండెత్తారు. చదువుకోమని పంపితే చాకిరీ చేయిస్తారా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

హెడ్‌మాస్టర్ గారు బాగా ఆలోచించి, మరుసటి ఏడు ప్రతి విద్యార్థికీ బడి తరఫున ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి పంపారు. వెనక తెల్లరంగుతో బడి పేరు. "నా స్టూడెంట్‌ని ఎవరూ నిలబెట్టకూడదు" అన్నది ఆయన శపథం.

ఆ సోమవారం ఉదయం మెయిన్ రోడ్డు మీద ఉండి ఉంటే మీ జన్మ ధన్యమయ్యేది! యూనిఫారాల్లో పిల్లలు, నెత్తిన తిరగేసిన కుర్చీలు. పెళ్లి షామియానా వాడు దివాలా తీసి సరుకు పంచిపెడుతున్నాడనుకుని బస్టాండులో ఒక పెద్దాయన తనకూ ఒకటి కావాలని వెంటపడ్డాడు.

మిగతా పని ఊరు చూసుకుంది. మా వైపు ఒక మర్యాద ఉంది. కుర్చీలో కూర్చున్నవాడు విందుకొచ్చినవాడితో సమానం. వాడి వైపు ఫ్యాన్ తిప్పాలి. ఎదురుకొట్టు నుంచి వాడికొక 'కలర్' తెప్పించాలి. కలరంటే సీసాలో వచ్చే రంగు సోడా. తాగేవరకూ ఎదురుగా నిలబడి, ఇంకొకటి చెప్పనా అని అడగాలి. అంతేగాని కుర్చీలో ఉన్నవాడికి పని చెప్తారా? పెళ్లికొచ్చిన వియ్యంకుణ్ణి విస్తరాకులు ఎత్తమంటారా?

ఫలితాలు అద్భుతం. శరవణకుమార్ విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లుకు వెళ్లాడు. బస్సులో కండక్టర్ కుర్చీకి వేరే టికెట్ కొట్టాడు. మిల్లులో అతణ్ణి గుమాస్తాల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బయటూరి బ్రోకర్లు వచ్చి, కలర్ తాగుతూ కూర్చున్నవాణ్ణి చూసి, ఓనరుగారి తమ్ముడనుకుని నమస్కారాలు పెట్టారు. కందిపప్పు ధర చెప్పి మొహంలోకి చూశారు. గ్యాసు పట్టేసి కుర్రాడు మొహం చిట్లించాడు. ధర తగ్గించారు! మళ్లీ చిట్లించాడు. మళ్లీ తగ్గించారు! వ్యాపార రహస్యం ఇంతకంటే వేగంగా ఏ కాలేజీ నేర్పుతుంది?

ముత్తుపాండి డాక్టర్ కావాలనుకుని ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్లాడు. కుర్చీ ఎక్కడ వేయాలో తెలియక రోగుల వరస చివర వేసుకున్నాడు. నర్సు టోకెన్ ఇచ్చింది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పే పిల్లవాడు కాదు, తీసుకున్నాడు. పిలిచారు, వెళ్లాడు. డాక్టర్ నాలుక చూసి సూది పొడిచి, బలానికి టానిక్ రాసిచ్చారు. ఇలా మూడు రోజులు. ఇప్పుడతను డాక్టర్ కావాలనుకోవడం లేదు. కెరీర్ గైడెన్స్ అంటే ఇదీ!

నూలు మిల్లుకు వెళ్లిన అభినయకు దూది దుమ్ము పడదేమోనని, కుర్చీ గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన వేశారు. నూలు ఎలా తీస్తారో ఆమెకు తెలియదు. వచ్చే లారీల నంబర్లన్నీ కంఠతా వచ్చు.

ఇలా అందరూ తెల్లటి చేతులతో, నిండిన పొట్టలతో తిరిగొస్తుంటే, మొదటివారం చివరి రోజున, శుక్రవారం సాయంత్రం ప్రేయర్‌లో ఒక జత చేతులు నల్లగా కనిపించాయి.

ఆ గదిలో నేనెందుకున్నానని అడుగుతారు. రచన కూడా ఒక వృత్తేనని పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. కుర్చీ వేసి, ఫ్యాన్ తిప్పి, కలర్ ఇచ్చారు. ఉపన్యాసం మొదలుకాకముందే ఈ గొడవ పుట్టింది. క్రైమ్ నవలలు రాసేవారు కదా, కాస్త చూడమని హెడ్‌మాస్టర్ నన్ను తన గదిలోకి తీసుకెళ్లారు. నా కుర్చీ కూడా వెంట వచ్చింది.

విచారణ తమిళంలో సాగింది. ఆ గదిలో అందరి ఇళ్లలోనూ తెలుగే. కాని గడప దాటితే తమిళం, అందులోనూ అది బడి. కోపం ముదిరితేనో, నిజం చెప్పాల్సి వస్తేనో మాత్రం ఇంటి మాట దానంతటదే బయటపడుతుంది. నేను దానికోసమే చెవులు రిక్కించి కూర్చున్నాను.

ఇసక్కిసెల్విని పంపింది బస్టాండు దగ్గర సోలైమలై మోటార్ వైండింగ్ షాపుకు. మా వైపు కరెంటు సంగతి మీకు తెలియదు. ఒకసారి దీపం మిణుకుమంటుంది, ఇంకోసారి బల్బు పగిలేంత వెలుగుతుంది. ఆ దెబ్బకు బోరు మోటార్లు కాలిపోతాయి. నాగలాపురం వైపు పల్లెలవాళ్లు వాటిని మోపెడ్ మీద కట్టుకుని, జ్వరమొచ్చిన బిడ్డల్లాగా మోసుకొస్తారు. సోలైమలై మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి పంపిస్తాడు. ఆ వార్నిషే ఇప్పుడు నిందితురాలి చేతులమీద ఉంది.

నీకు పని చెప్పిందెవరని హెడ్‌మాస్టర్ అడిగారు. ఆమె తన వేళ్ల మరకల్నే చూసుకుంటోంది. పేరు చెప్పకపోతే సోమవారం నుంచి షాపు లేదు, రెండోవారం బడి ఆఫీసులోనే కుర్చీ వేస్తామన్నారు. అప్పుడు తల ఎత్తింది.

"సోమవారం నేను పోవాల సార్. మోటారు సగంలో ఉండాది."

ఇంటి మాట! నేను కలర్ సీసా కింద పెట్టాను.

"మోటారు వాళ్లు చుట్టుకుంటారు."

"నేను చుట్టిండేది తిరుగుతాదా, తిరగదా? సోమవారందా స్విచ్ ఏస్తారు. నేను చూడొద్దా సార్?"

మాట చివర 'దా' తగిలిస్తే మా వైపు నొక్కి చెప్పినట్టు. అది నాగలాపురం పక్కన ఒక పల్లె మంచినీళ్ల మోటారట. అందులో కొన్ని చుట్లు ఈ పిల్లవి. అవి తిరిగితే, ప్లస్ టూ అయ్యేదాకా శని, ఆదివారాల్లో వచ్చి నేర్చుకోమని సోలైమలై మాటిచ్చాడు. ఆ తర్వాత ఎలక్ట్రికల్ డిప్లొమా చదవాలని ఆమె ఆశ. అంటే పాఠకులారా, ఈ పిల్లకు పదిహేడేళ్లకే తను ఏం కావాలో తెలిసిపోయింది! మిగతావాళ్లంతా హాయిగా ఏమీ తెలియకుండా ఉంటే, ఒక్కతికి తెలియడం ఎంత క్రమశిక్షణారాహిత్యం?

మొదటి అనుమానితుడు సోలైమలై, పిలిపిస్తే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్లను తను గౌరవంగా చూసుకున్నానని, మొదటిరోజు కలర్ తెప్పించానని, ఫ్యాన్ తిప్పానని, పనివాళ్లు బూతులు మాట్లాడకుండా వారమంతా నోళ్లు కట్టేయించానని ఒట్టు పెట్టాడు. నమ్మేటట్టే ఉంది. కాని మొదటిరోజు తర్వాత సంగతి చెప్పడేం?

నేను ఒకే ఒక్క ప్రశ్న వేశాను. "కుర్చీ ఏది?"

సోలైమలైకి దగ్గు వచ్చింది. పిల్ల వైపు చూశాడు. పిల్ల కిటికీ వైపు చూసింది.

"రిపేరుకు పోయింది" అన్నాడు.

ప్లాస్టిక్ కుర్చీ, రిపేరుకు! నా పాతిక నవలల్లో ఏ హంతకుడూ ఇంత పేలవమైన అబద్ధం ఆడలేదు. కుర్చీని ఎవరో మాయం చేశారు. కుర్చీ లేకపోతే పిల్ల నిలబడుతుంది. నిలబడితే చూస్తుంది. చూస్తే అడుగుతుంది. అడిగితే ఎవరో ఒకరు చెప్తారు. ఎంత పకడ్బందీ పథకం! కుర్చీ తీసింది ఎవరో, నేరస్థుడు వాడే.

హెడ్‌మాస్టర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "నాకు కోపం ఎందుకో మీకు తెలియదు" అన్నారు. ఎనిమిదేళ్లప్పుడు ఆయన అగ్గిపెట్టెలకు లేబుళ్లు అంటించారట. ఆ బంకకు వేళ్ల చివరలు తినేసినట్టు అయ్యేవట. తను బడికి వచ్చేశారు, అన్న అక్కడే ఉండిపోయాడు. "మా బడి పిల్లల చేతులకు మరక అంటకూడదనుకున్నాను. తప్పా?" అని అడిగారు.

ఆయన మీద ఒక జోకు సిద్ధంగా ఉంది నా దగ్గర. మింగేశాను.

పైగా ఇసక్కిసెల్వి తల్లి గురువమ్మాళ్ ఇరవై ఏళ్లుగా తీప్పెట్టి ఆఫీసులో పని చేస్తోంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని మా వైపు అందరూ ఆఫీసనే అంటారు. అక్కడ ఆమె చేసేది అగ్గిపుల్లల్ని చెక్క చట్రంలో వరసగా పేర్చడం. చట్రం నిండాక రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తి, ఆ మూలనున్న గుమాస్తాకు వినపడేటట్టు తన పేరు తనే కేకెయ్యాలి. కేక వినపడకపోతే ఆ చట్రం పక్కదాని లెక్కలోకి పోతుంది. అందుకే మా వీధుల్లో తీప్పెట్టి ఆఫీసు ఆడవాళ్లు ఇంట్లో మాట్లాడినా మూడిళ్ల అవతల వినిపిస్తుంది.

"కూతురి చేతులు తనలాగా కాకూడదనే కదా ఆ తల్లి ఆశ. ఇవి చూస్తే ఆమె ఏమైపోతుంది?" అన్నారు హెడ్‌మాస్టర్. ఆమెకు కబురు పంపారట. నేను జాలిగా తల ఊపాను. ఆ అమ్మ గుండె పగలబోతోంది. నా కథకు మంచి ముగింపు.

బయట వ్యాన్ హారన్ మోగింది. సాయంత్రం ఆడవాళ్లను ఇళ్ల దగ్గర దింపే ఆఫీసు వ్యాన్. కిటికీల నిండా తలలు. అందులోంచి గురువమ్మాళ్ దిగింది. జుట్టునిండా పుల్లల పొట్టు. నెత్తిమీద ఒక ఎర్ర కుర్చీ.

వెనక తెల్లరంగుతో బడి పేరు!

గదిలోకి వచ్చి కుర్చీ దించింది. "కుర్చీకోసందానే పిలిపిస్తిరి సార్. ఇదో. వాన్ ఇంటికాడ నిలిపి తెస్తిని. వాన్‌లో ఇరుక్కోని ఒగ కాలు కొంచం వంకర పోయింది."

హెడ్‌మాస్టర్ వంగి కుర్చీ వెనక బడి పేరు చదివారు. "ఇది మీ ఇంటికెట్ల వచ్చిందమ్మా?" ఆయన తమిళం కూడా జారిపోయింది.

"నేను ఎత్తుకుపోతిని."

"ఎందుకి?"

"ఉంటే ఈ పిల్లను కూసోబెడతారు సార్. మొదటి దినం ఇంటికొచ్చింది. ఏమే నేర్చుకుంటివి అంటిని. కలర్‌లో రెండు రకాలుండాది, నారింజదే బాగుండాది అనింది. మర్నాడు తెల్లవారినాక నేనే షాపుకి పోతిని. ఈ సోలైమలై తమ్ముడు నాకీ ఒగ కలర్ తెప్పిస్తానన్నాడు. కుర్చీ నెత్తిన పెట్టుకోని వచ్చేస్తిని."

సోలైమలై నేలచూపులు చూశాడు. "అక్క చెప్తే కాదనేదెట్ల సార్. రెండు చీవాట్లు కూడా పెట్టింది."

హెడ్‌మాస్టర్ ఇసక్కిసెల్వి చేతులు పట్టుకుని తల్లి ముందు పెట్టారు. "చూడమ్మా. చూసినాక మాట్లాడు."

గురువమ్మాళ్ చూసింది. కూతురి వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోటితో మరక గీకింది. రాలేదు.

"గట్టిగా పట్టిందే" అంది. ఆ గొంతులో నేను వెతుకుతున్న దుఃఖం లేదు.

"మనం ఇద్దరం చిన్నప్పుడు బంకలో చేతులు పెట్టినవాళ్లమే కదమ్మా" అన్నారు హెడ్‌మాస్టర్. "బిడ్డలకి అది వద్దనే కదా ఇదంతా?"

"దానికిదా సార్ నేనూ చెప్తా ఉండాను. ఇరవై ఏండ్లుగా అదే పుల్ల, అదే చట్రం. ఒగ దినమన్నా ఇంటికిపోయి చెప్పేదానికి నాకి ఏమీ లేదు. ఈ పిల్ల కూడు తినేటప్పుడు నోరు మూసేది లేదు. తీగ ఎందుకి మాడతాది, ఎన్ని చుట్లు చుట్టాల, వార్నిష్ ఎందుకి పోయాల అని ఒగటే కత. నాకి సగం అర్తం కాదు. చెప్పనీ అని వింటా ఉండాను."

హెడ్‌మాస్టర్ నిలబడి ఉన్నారు. సోలైమలై నిలబడి ఉన్నాడు. తల్లీ కూతుళ్లు నిలబడి ఉన్నారు. గదిలో కూర్చున్నది నేనొక్కణ్ణే. కుర్చీలో, ఫ్యాన్ కింద, చేతిలో కలర్‌తో, పని గురించి మీకు చెప్పడానికి.

చివరికి హెడ్‌మాస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సోమవారం పంపడానికి తనకు అభ్యంతరం లేదన్నారు. కాని కిందటిసారి దండెత్తినట్టే రేపు ఎవరో వచ్చి పిల్లచేత పని చేయించిందెవరని అడుగుతారు. పని చేయించింది ఎవరో వాళ్లు ఇక్కడే, ఇప్పుడే నోరు తెరిచి ఒప్పుకోవాలి. లేకపోతే పంపలేనన్నారు.

"నేనే" అన్నాడు సోలైమలై.

"నేనుదా సార్, నేనే అడిగి చేస్తిని" అంది ఇసక్కిసెల్వి, అతని మాట పూర్తికాకముందే.

నా వృత్తిజీవితంలో నేరం ఒప్పుకోవడానికి ఇంత తోపులాట నేనెప్పుడూ చూడలేదు!

గురువమ్మాళ్ చేత్తో ఇద్దరినీ ఆపింది. సోలైమలై గొంతు తగ్గించి, మెల్లగా చెప్పమన్నాడు. వ్యాన్‌లో తీప్పెట్టి ఆఫీసు ఏజెంటు ఉన్నాడు. హాజరు వేసేది అతనే. షాపుకు వెళ్లిన రోజు ఆమె ఆఫీసుకు రాకపోవడానికి జ్వరమని చెప్పింది అతనికే. అబద్ధమని తెలిస్తే పని పోవచ్చు. అమ్మ పేరు చెప్పకుండా కూతురు ఇంతసేపూ పళ్ల బిగువున నిలబడింది కూడా అందుకే.

ఆమె ఒకసారి కిటికీలోంచి వ్యాన్‌ను చూసింది. ఒకసారి కూతురి చేతులను చూసింది. "జ్వరం కాదని తెలిసిపోనీలే" అంది.

వంకరకాలు కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, నిండిన చట్రాన్ని ఎత్తినట్టు నెత్తిమీదికి ఎత్తింది. గదికి కాదు, బడికి కాదు, గేటవతల వ్యాన్‌లో చివరి సీటుదాకా వినపడేటట్టు, ఇరవై ఏళ్లుగా రోజూ కేకేసిన గొంతుతో నేరస్థురాలి పేరు చెప్పింది.

"గురువమ్మాళ్!"